బస్సు మాట్లాడే ముందు: ఎక్స్ఛేంజ్ విద్యార్థులతో క్లబ్ ట్రిప్ ఎలా వేయాలి

నేను మొదటిసారి దగ్గరుండి నడిపిన మా యూనివర్సిటీ క్లబ్ ట్రిప్‌లో అన్నీ సవ్యంగానే జరిగాయి. బస్సు టైముకి వచ్చింది, భోజనం సరిపోయింది, వాన పడలేదు. రాత్రి మంట చుట్టూ కూర్చున్నప్పుడు మావాడొకడు ఏదో జోక్ వేశాడు. అందరం పడీపడీ నవ్వాం. నా పక్కన ఎక్స్ఛేంజ్ అమ్మాయి, అంటే వేరే దేశపు యూనివర్సిటీ నుంచి ఆ సెమిస్టర్‌కే మా దగ్గర చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి, కూర్చుంది. తనూ నవ్వింది, కానీ మాకంటే ఒక్క క్షణం ఆలస్యంగా. తర్వాత నా వైపు వంగి "ఏమన్నాడు?" అని అడిగింది. "ఏం లేదులే" అన్నాను. జోక్‌ని ఇంకో భాషలోకి మార్చి చెప్పడానికి బద్ధకం, అంతే. పది నిమిషాల్లో ఇంకోసారి అడిగింది, మళ్లీ అదే జవాబు. మూడోసారి అడగలేదు. ఫోన్ తీసుకుంది.

ఆ తర్వాత ఇంకో నాలుగైదు ట్రిప్పులు వేశాక నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, చూడాల్సిన చోట్లు ఎంచుకోవడం పెద్ద పనేమీ కాదు. అది ఎవరైనా చేస్తారు. చోటుకీ చోటుకీ మధ్య ఖాళీలుంటాయి చూశారూ, బస్సులో ఎవరి పక్కన ఎవరు, భోజనాల దగ్గర ఏ భాష, రాత్రి ఏ గదిలో ఎవరు, అక్కడే తేడా కొడుతుంది. అందుకే ఈ గైడ్‌లో కొండలూ జలపాతాలూ ఉండవు. ఆ ఖాళీల సంగతే ఎక్కువ.

1. ఎంతమంది, ఎవరెవరు

మొదటి ట్రిప్ అయితే రెండు పగళ్లు, ఒక రాత్రి చాలు. మూడో రోజుకి ఎవరికైనా ఓపిక అయిపోతుంది, అలసిపోయిన మనిషికి పరాయి భాష రెట్టింపు బరువు. 24 నుంచి 30 మంది వరకు తీసుకోండి. ఒక బస్సులో పడతారు, ఒక మనిషి గట్టిగా మాట్లాడితే అందరికీ వినిపిస్తుంది.

ముప్పై మందిలో ముగ్గురే విదేశీ విద్యార్థులైతే వాళ్లు చుట్టాలైపోతారు. "తిన్నావా? బాగుందా?" అని అందరూ పలకరిస్తారు, ఆ తర్వాత మాట సాగదు. లెక్క తిరగబడి ఇరవై ఏడుగురు వాళ్లే అయితే గైడు జెండా పట్టుకుని ముందు నడిచే టూరు అవుతుంది. సగం సగం కుదిరితే మంచిది. కుదరకపోతే కనీసం మూడో వంతుకి తగ్గనివ్వకండి. ఒకే దేశం నుంచి ఎనిమిది మంది పేర్లిస్తే కాదనకండి కానీ, వాళ్లను గదుల్లో, వంట జట్లలో, బస్సు సీట్లలో విడదీసే ఏర్పాటు ఇప్పుడే ఆలోచించుకోండి. అక్కడికి వెళ్లాక విడదీస్తే మొహమాటంగా ఉంటుంది.

ఇంకో మాట. కమిటీలో ఇద్దరు ఎక్స్ఛేంజ్ విద్యార్థులను మొదటి మీటింగ్ నుంచే కూర్చోబెట్టండి. అభిప్రాయం అడిగి పంపించేయడానికైతే పిలవనక్కర్లేదు. పని చేతికివ్వండి, ఒకరికి భోజనాల లెక్క, ఇంకొకరికి గదుల పంపకం. మా దగ్గర గదుల పని తీసుకున్న అబ్బాయి మొదటి రోజే "బాత్రూమ్‌లకి లోపల గడియ ఉందా, ఫొటోలో కనిపించట్లేదు" అని అడిగాడు. మూడేళ్లుగా అదే చోటుకి వెళ్తున్నాం, మాలో ఒక్కరికీ ఆ ప్రశ్న తట్టలేదు. ఫోన్ చేసి కనుక్కుంటే రెండింటికి లేదు.

2. తేదీ

యూరప్‌లో విద్యార్థులను ఇంకో దేశానికి చదువుకి పంపే ఎరాస్మస్ కార్యక్రమం 1987లో 11 దేశాల మధ్య 3,244 మంది విద్యార్థులతో మొదలైంది. ఇప్పుడు దాని కింద చదువు కోసం వెళ్లేవాళ్లు సాధారణంగా 2 నుంచి 12 నెలలు ఉంటారు. మిగతా చోట్ల ఒప్పందాలూ చాలావరకు ఒకటి రెండు సెమిస్టర్లవే. అంటే మీ క్లబ్‌లో ఈరోజు చేరిన మనిషి నాలుగు నెలల్లో విమానం ఎక్కేయవచ్చు. అయినా చాలా క్లబ్‌లు సెమిస్టర్ చివర్లో, పరీక్షలయ్యాక, వీడ్కోలు ట్రిప్ వేస్తాయి. నాకు నచ్చని పద్ధతి అది. ఆ రాత్రి కుదిరిన స్నేహాలకు మర్నాడే బై చెప్పాలి. మూడో వారానికీ ఆరో వారానికీ మధ్య వేయండి. అప్పటికి వాళ్లకి ఊరు కొంచెం అలవాటవుతుంది, స్నేహాలు మాత్రం ఇంకా గట్టిపడవు. ట్రిప్‌లో పరిచయమైనవాళ్లు ఆ తర్వాత మూడు నెలలు క్యాంటీన్‌లో కలుస్తూనే ఉంటారు.

తేదీ ఖాయం చేసే ముందు రెండు విషయాలు చూసుకోండి. రంజాన్ నెల ఏటా 10, 11 రోజులు ముందే వస్తుంది కాబట్టి పోయినేడాది తేదీలు పట్టుకుని అంచనా వేయకండి. ఉపవాసంలో ఉన్నవాళ్లను పగలంతా కొండ ఎక్కించి, వంటల పోటీ పెట్టడం బాగోదు. రెండోది, కొంతమందికి సొంత యూనివర్సిటీ పరీక్షలు కూడా ఆన్‌లైన్‌లో ఉంటాయి. అవి మీ క్యాలెండర్‌లో కనిపించవు, అడిగితేనే తెలుస్తాయి.

ఇక తేదీ రాసే పద్ధతి. పోస్టర్ మీద 04/05 అని వేశారనుకోండి. సగం ప్రపంచం దాన్ని మే 4 అని చదువుతుంది, అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఏప్రిల్ 5 అని చదువుతారు. ఇద్దరూ తప్పు కాదు. నెలని ఎప్పుడూ పేరుతోనే రాయండి, పక్కన వారం పేరు కూడా వేయండి. సాయంత్రం ఆరింటిని 18:00 అనే రాయండి. "ఏడింటికి బయల్దేరుతున్నాం" అన్నా అంతే, ఒకరికి అది ఏడింటికి ఇంట్లోంచి కదలడం, ఇంకొకరికి ఆరూ యాభైకే సీట్లో ఉండటం. "6:45కి మెయిన్ గేటు, 7:00కి బస్సు కదులుతుంది" అని రెండు టైములూ ఇవ్వండి. కదులుతుందంటే కదలాలి. ఒక్కసారి ఇరవై నిమిషాలు ఆగితే ఆ రెండు రోజులూ మీ టైము ఎవరూ నమ్మరు.

3. వీసా, గుర్తింపు కార్డులు

ఇక్కడ మొహమాటపడితే నష్టం మీకు కాదు, వాళ్లకి. మొదటి సూత్రం: సరిహద్దు దాటే ట్రిప్ వేయకండి. రెండు గంటల ప్రయాణంలో పక్క దేశం ఉన్నా సరే. సింగిల్ ఎంట్రీ వీసా మీద వచ్చిన విద్యార్థి ఒకసారి దేశం దాటితే తిరిగి రావడానికి కొత్త వీసా కావాలి. షెంగెన్ అనే యూరప్ దేశాల కూటమిలో దేశానికీ దేశానికీ మధ్య సాధారణంగా సరిహద్దు తనిఖీలు ఉండవు, కానీ ఐర్లాండ్, బ్రిటన్ అందులో లేవు. ఒక షెంగెన్ దేశపు స్టూడెంట్ పర్మిట్ ఉన్నవాళ్లు మిగతా షెంగెన్ దేశాల్లో ఉండగలిగేది ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులే. అమెరికాలో జె-1 వీసా (ఎక్స్ఛేంజ్ మీద వచ్చేవాళ్లకి ఇచ్చేది) మీద ఉన్నవాళ్లు బయటికెళ్లి రావాలంటే ఆ వీసాకి ఆధారమైన డీఎస్-2019 కాగితం మీద యూనివర్సిటీ అధికారి ట్రావెల్ సంతకం ఉండాలి, అది ఏడాదే చెల్లుతుంది. ఇవన్నీ కమిటీ గుర్తుపెట్టుకోలేదు, పెట్టుకోనక్కర్లేదు కూడా. సరిహద్దు దాటకపోతే చాలు. తప్పనిసరిగా దాటాల్సి వస్తే మీ యూనివర్సిటీ అంతర్జాతీయ విభాగాన్ని రాతపూర్వకంగా అడిగి, వచ్చిన జవాబు దాచుకోండి.

దేశం లోపల తిరిగినా కొన్ని నిబంధనలు ఉంటాయి. భారత్‌లో విదేశీయులు బస చేస్తే ఆ వివరాలు 24 గంటల్లోగా అధికారులకు ఆన్‌లైన్‌లో తెలపాల్సిన బాధ్యత బస ఇచ్చినవాళ్లది. ఆ ఏర్పాటు లేని చిన్న లాడ్జీలు రాత్రి పదింటికి "విదేశీయులకు గది ఇవ్వం" అనేస్తాయి. జపాన్‌లో అయితే దీర్ఘకాలం ఉండే విదేశీయులు రెసిడెన్స్ కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి, గదిలో వదిలేసి రావడం కుదరదు. మీరు ఏ దేశంలో ఉన్నా ఈ రెండు ప్రశ్నలూ అడగండి: బస చేసే చోటికి ఏ కాగితం కావాలి? విద్యార్థి జేబులో ఏ కార్డు ఉండాలి?

డ్రైవింగ్ విషయం ఒక్క ముక్కలో. అద్దె కార్లు వద్దు. అంతర్జాతీయ పర్మిట్లు 1949 జెనీవా ఒప్పందం కింద ఒక రకం, 1968 వియన్నా ఒప్పందం కింద ఇంకో రకం. ఒక దేశంలో చెల్లేది ఇంకో దేశంలో చెల్లకపోవచ్చు. డ్రైవర్ ఉన్న బస్సు మాట్లాడుకోండి.

4. ఫారం: ఏమడగాలి, ఎలా అడగాలి

పనులన్నింటిలోకీ దీనికే ఎక్కువ టైమ్ పెట్టండి. బాగా రాసిన ఫారం ఒకటుంటే సగం గొడవలు పుట్టవు.

పేరు దగ్గర రెండు గళ్లు పెట్టండి. ఒకటి పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు (బుకింగులకి), ఇంకొకటి "మిమ్మల్ని ఏమని పిలవాలి". చైనా, కొరియా, హంగేరీల్లో ఇంటిపేరు ముందొస్తుంది. ఇండోనేషియా, మయన్మార్ నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి ఇంటిపేరే ఉండదు. "చివరి పేరు తప్పనిసరి" అని ఎర్ర చుక్క పెడితే పాపం వాళ్లు ఉన్న పేరునే రెండుసార్లు కొడతారు, టికెట్ కూడా అలాగే వస్తుంది.

తిండి దగ్గర మతం అడగకండి. "మీరు ఏం తినరు?" అని అడగండి, చాలు. దాని కింద వేరే ప్రశ్నగా "ఏది తింటే ఒంటికి ప్రమాదం?" అని పెట్టండి. ఇష్టం లేకపోవడం, నియమం, అలర్జీ మూడూ వేర్వేరు సంగతులు, వంట చేసేవాళ్లకి ఆ తేడా తెలియాలి. అలర్జీ అనగానే చాలామందికి వేరుశనగ ఒక్కటే గుర్తొస్తుంది. యూరోపియన్ యూనియన్ చట్టం ఆహారంలో తప్పకుండా ప్రకటించాల్సినవి 14 అంటుంది. అందులో నువ్వులు, ఆవాలు, సోయా, సెలెరీ కూడా ఉన్నాయి. అమెరికా జాబితాలో నువ్వులు చేరింది 2023లో. అంటే ఒక దేశంలో ప్యాకెట్ మీద చూసి తినడం అలవాటైన మనిషికి ఇంకో దేశంలో ఆ అక్షరాలే కనిపించకపోవచ్చు. ఫారంలో జాబితా ఇచ్చి టిక్ పెట్టమనండి. ఖాళీ గడి ఇచ్చి రాయమంటే "ఏమీ లేవు" అని రాసేస్తారు.

ఈత వచ్చా అని అడగండి. అడిగే పద్ధతి ముఖ్యం. "ఈత వచ్చా? అవును/కాదు" అంటే ఎక్కువమంది అవును అంటారు. స్విమ్మింగ్ పూల్‌లో ఇటు నుంచి అటు వెళ్లగలిగినవాళ్లు కూడా అవుననే అంటారు. "సముద్రంలో లేదా నదిలో, కాళ్లు నేలకి అందని చోట ఈదారా?" అని అడగండి. నిజం బయటపడుతుంది.

చలి ప్రాంతానికి వెళ్తుంటే కోటు, బూట్లు ఉన్నాయా అని అడిగి, లేనివాళ్లకి క్లబ్ తరఫున అరువు ఏర్పాటు చేయండి. ఒక్క సెమిస్టర్ కోసం వచ్చినవాళ్లు రెండు రోజుల ట్రిప్ కోసం మంచు బూట్లు కొనరు, పేరు ఇవ్వడమే మానేస్తారు. ఎందుకని మీకు చెప్పరు కూడా.

రోజూ వేసుకునే మందులు, ఎమర్జెన్సీలో ఎవరికి ఫోన్ చేయాలి (ఆ మనిషి ఏ భాష మాట్లాడతారు, అక్కడ టైమ్ ఎంత తేడా), ఇన్సూరెన్స్ పాలసీ నంబర్, గది పంచుకోవడంలో ఇబ్బందులు. ఇవి చివర్లో పెట్టండి. వీటిని కమిటీలో ఇద్దరే చూస్తారని పైనే రాయండి, ట్రిప్ అయ్యాక తీసేస్తామని కూడా. రాశాక నిజంగానే తీసేయండి.

5. డబ్బులు

బస్సుకి ఇచ్చేది మనిషికి ఇంత అని ఉండదు, మొత్తంగా ఉంటుంది. ముప్పై సీట్లున్నాయని ముప్పైతో భాగిస్తే ఐదుగురు మానేసిన రోజున క్లబ్ జేబు చిల్లు. 24తో భాగించండి. మిగిలితే తిరిగి ఇవ్వొచ్చు, చాలకపోతే మళ్లీ అడగడం నామోషీ.

మీ దేశంలోని మొబైల్ చెల్లింపు యాప్‌లు చాలావాటికి మీ దేశపు బ్యాంకు ఖాతా కావాలి. కొత్తగా వచ్చినవాళ్లకి అది వారాల తరబడి తెరుచుకోదు, స్కాలర్‌షిప్ కూడా ఆలస్యం కావచ్చు. నగదు తీసుకునే రోజు ఒకటి పెట్టి, రసీదు ఇవ్వండి. రెండు విడతలు చేయండి. ఈ డబ్బులో ఏమేం కలిశాయో, ఏమేం కలవలేదో రెండు వరుసల్లో రాయండి. "అన్నీ కలిపే" అనే మాట మాత్రం వాడకండి, దాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు. ఏ తేదీ దాకా మానుకుంటే పూర్తిగా వెనక్కి, ఆ తర్వాత ఎంత, అదీ అక్కడే.

6. బస, గదులు

యూత్ హాస్టళ్ల పుట్టుకే ఒక పాడైపోయిన ట్రిప్‌లో ఉంది. జర్మనీలో రిచర్డ్ షిర్‌మాన్ అనే బడి పంతులు 1909లో పిల్లల్ని నడక యాత్రకి తీసుకెళ్తే ఉరుముల వాన పట్టుకుంది. ఒక ఊరి బడిలో తలదాచుకున్నారు. సెలవుల్లో బడులు ఖాళీగానే ఉంటాయి కదా, నడిచొచ్చే పిల్లలకి బస ఇవ్వొచ్చు కదా అని ఆయనకి అప్పుడే తట్టిందట. 1912లో ఆల్టెనా కోటలో హాస్టల్ తెరిచారు. ఈ కథ ఎందుకంటే, మీ బస ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది వాన పడితే ముప్పై మందీ కూర్చోగల గది ఉందా అని. వ్యూ సంగతి తర్వాత. వంటగది వాడుకోనిస్తారా అన్నది రెండో ప్రశ్న.

గదుల పంపకం ముందే చేసి, రెండు రోజుల ముందు పేర్లు పంపండి. అక్కడికెళ్లాక "ఎవరికి నచ్చిన గదిలో వాళ్లు" అంటే పరిచయమున్నవాళ్లు పరుగెత్తి గది పట్టేసుకుంటారు. పరిచయం లేనివాళ్లు బ్యాగు పట్టుకుని వరండాలో నిలబడతారు. ఆ నిలబడటం నేను చూశాను, ఐదు నిమిషాలే, కానీ ఆ మనిషికి ట్రిప్ అంతా అదే గుర్తుంటుంది. నలుగురి గదిలో ఇద్దరు ఇక్కడివాళ్లు, ఇద్దరు బయటివాళ్లు, ఆ ఇద్దరూ వేర్వేరు దేశాలవాళ్లు. అమ్మాయిలకు, అబ్బాయిలకు వేర్వేరు గదులు అన్నది అన్ని దేశాల్లో ఒకేలా ఉండదు కాబట్టి ఫారంలో ఏం రాశారో దాన్నే పట్టుకోండి. పదకొండు తర్వాత శబ్దం లేని గది ఒకటి పెట్టండి. ప్రార్థనకైనా, ఇంటికి ఫోన్ చేసుకోవడానికైనా, ఊరికే ఒంటరిగా కాసేపు కూర్చోవడానికైనా పనికొస్తుంది.

7. భాష

ముందే చెప్పుకుందాం, మా క్లబ్‌లో ఇప్పుడు "ఏం లేదులే" అనే మాట నిషేధం. ఎవరైనా "ఏమన్నారు?" అని అడిగితే చెప్పి తీరాలి. జోక్ చప్పబడిపోయినా సరే. చప్పబడ్డ జోక్‌కి కూడా నవ్వొస్తుంది, "ఇంతేనా!" అని. అది ఇంకా బాగుంటుంది.

సొంత భాష అస్సలు మాట్లాడొద్దు అని రూలు పెట్టకండి. రాత్రి పదింటికి అలసిపోయి పక్కనున్న స్నేహితుడితో పరాయి భాషలో మాట్లాడమంటే ఎవరివల్లా కాదు, రూలు గంటలో గాలికి పోతుంది. మేం పాటించేది ఒకటే: గుంపులోకి ఒక్కరు కొత్తగా వచ్చి కూర్చున్నా మాట అందరికీ తెలిసిన భాషలోకి మారాలి. అప్పటిదాకా నడిచిన కథ రెండు ముక్కల్లో ఆ వచ్చినవాళ్లకి చెప్పాలి. అంతే.

సీట్లు. వెళ్లేటప్పుడు బస్సు ఎక్కే చోట చీటీలు తీయించండి. మధ్యలో ఆగినప్పుడు కిటికీ వైపు కూర్చున్నవాళ్లు నాలుగు వరుసలు వెనక్కి జరగాలి. మొదట విసుక్కుంటారు. రెండోసారి ఆగేసరికి వాళ్లే "జరగాలి, జరగాలి" అని అరుస్తారు. తిరుగు ప్రయాణంలో మాత్రం వదిలేయండి, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూస్తే మీ ట్రిప్ ఎలా జరిగిందో తెలిసిపోతుంది.

ఆటలు ఎంచుకునేటప్పుడు మన సినిమాలు, మన టీవీ, మన రాజకీయాలు తెలిస్తేనే గెలిచే క్విజ్‌లు పక్కన పెట్టండి. బొమ్మ గీసి చెప్పడం, సైగలతో చెప్పడం, పేకముక్కలు, బంతాట, ఇవి చాలు. పేకాట ఇంకా మంచిది. ఒకే ముక్కలతో ఒక్కో దేశం ఒక్కో ఆట ఆడుతుంది, నేర్పించే పని వాళ్లది అవుతుంది.

ఒకటి మాత్రం చేయకండి. రాత్రి స్టేజీ పెట్టి "ఇప్పుడు ఒక్కో దేశం నుంచి ఒక పాట, ఒక డాన్స్" అని పిలవడం. పాడాలనుకున్నవాళ్లు అడక్కుండానే పాడతారు. కెమిస్ట్రీ చదువుకోవడానికి వచ్చిన అబ్బాయిని వాళ్ల దేశపు జానపద నృత్యం చేయమనడం ఏం మర్యాద? దానికి బదులు కలిసి వంట చేయండి. ఐదారుగురి జట్లు, ఒక్కో జట్టుకి ఒక్కో పని. ఉల్లిపాయలు తరిగేటప్పుడు భాష పెద్దగా అక్కర్లేదు, చేతులకి పని ఉంటే మౌనం ఇబ్బందిగా అనిపించదు. మా ట్రిప్పుల్లో ఎక్కువ స్నేహాలు పొయ్యి దగ్గరే కుదిరాయి, వంట మాత్రం చాలాసార్లు కుదరలేదు.

8. బయల్దేరే రోజు

ప్రతి మనిషికీ జేబులో పట్టే కాగితం ముక్క ఒకటి ఇవ్వండి. బస చిరునామా స్థానిక లిపిలోనూ ఇంగ్లిష్‌లోనూ, కమిటీలో ఇద్దరి ఫోన్ నంబర్లు, ఎమర్జెన్సీ నంబర్. ఫోన్లో ఉంది కదా అంటారు. చార్జ్ అయిపోయినా, సిగ్నల్ లేకపోయినా ఫోన్లో ఉన్నది ఉన్నా లేనట్టే. యూరోపియన్ యూనియన్ దేశాలన్నింటిలో 112, అమెరికా, కెనడాల్లో 911. ఒక దేశంలో చిన్నప్పటి నుంచి నేర్చుకున్న నంబర్ ఇంకో దేశంలో కంగారులో నొక్కితే మోగకపోవచ్చు, అందుకే కాగితం మీద ఉండాలి. కలుసుకునే చోటుకి మ్యాప్ పిన్‌తో పాటు ఒక ఫొటో కూడా పంపండి. "మెయిన్ గేటు" అంటే ఏ గేటో వచ్చి మూడు వారాలైన మనిషికి తెలియదు.

తలలు లెక్కపెట్టేటప్పుడు పేర్లు పిలవకండి. పేర్లు తప్పుగా పలుకుతారు, నవ్వులవుతాయి, లెక్క పోతుంది. ప్రతి ఒక్కరికీ ఒక నంబర్ ఇవ్వండి, బస్సు కదిలే ముందు ఒకటి నుంచి వరసగా వాళ్లే అరవాలి. మేం ఒక్కో అంకె ఒక్కో భాషలో చెప్పమన్నాం. సాయంత్రానికి అందరికీ తమ పక్క నంబర్ ఇంకో భాషలో వచ్చేసింది.

9. ప్రమాదాలు

సముద్రానికి వెళ్తే లైఫ్‌గార్డు ఉన్న చోటే నీళ్లలో దిగాలి. రిప్ కరెంట్ అని ఒడ్డు నుంచి లోపలికి లాగేసే ప్రవాహం ఉంటుంది. దానికి ఎదురీదితే అలసిపోయి మునిగిపోతారు. తేలుతూ చెయ్యెత్తి సాయం అడగాలి, ఈదగలిగితే ఒడ్డుకి సమాంతరంగా ఈది ప్రవాహంలోంచి బయటపడాలి. ఇది దిగే ముందే, నిలబెట్టి, నెమ్మదిగా, చేత్తో ఇసుక మీద గీసి చూపించండి. సముద్రం ఎన్నడూ చూడనివాళ్లు గుంపులో కచ్చితంగా ఉంటారు.

తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లు అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ను తెచ్చుకుంటారు. అది బస్సు డిక్కీలో ఉన్న బ్యాగులో ఉండకూడదు, వాళ్ల ఒంటి మీదో పక్కనో ఉండాలి. ఎక్కడ ఉందో గదిలోవాళ్లకి తెలియాలి. తొడ బయటి వైపు, బట్టల మీదుగా అయినా పొడవచ్చు. పొడిచిన వెంటనే అంబులెన్స్‌కి ఫోన్. మనిషిని పడుకోబెట్టాలి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టాలి, నడిపించకూడదు. ఐదు నిమిషాలకీ తగ్గకపోతే, ఇంకో పెన్ను ఉంటే, అదీ పొడవాలి.

మద్యం సంగతి దాటేయకండి. తాగే వయసు చాలా యూరప్ దేశాల్లో 18 లేదా అంతకు తక్కువ, జపాన్‌లో 20, అమెరికాలో 21. సొంత ఊళ్లో రెండేళ్లుగా బార్‌కి వెళ్తున్న పందొమ్మిదేళ్ల విద్యార్థికి ఇక్కడ అది నేరం కావచ్చు, ఆ మచ్చ వీసా దాకా వెళ్లొచ్చు. మీరు ఉన్న దేశపు వయసు ఎంతో ఫారంలోనే రాయండి. తాగనివాళ్లు ఏ మతమైనా, ఏ కారణమైనా ఎందుకు తాగవని ఎవరూ అడగకూడదు.

10. తిరిగొచ్చాక

ఖర్చుల లెక్క మూడు రోజుల్లో గ్రూపులో పెట్టండి, మిగిలింది తిరిగి ఇచ్చేయండి. ఫొటోలు ముందు గ్రూపులో, తర్వాత అడిగి బయట. ఈత దుస్తుల్లో ఉన్నవీ, తలకప్పు లేకుండా ఉన్నవీ కొందరికి ఇంట్లో ఇబ్బంది తెస్తాయి. వద్దన్నవాళ్లను కారణం అడగకండి, తీసేయండి.

డ్రైవర్‌ని ఐదు నిమిషాలు ఆగమని చెప్పి, అందరూ దిగాక కమిటీలో ఒకరు టార్చ్ వేసుకుని ప్రతి సీటు కిందా చూడండి. ప్రపంచంలో ప్లగ్గుల రకాలే 15 ఉన్నాయి, ఎవరి చార్జర్ దొరికిందో ప్లగ్గు చూసి చెప్పేయొచ్చు. చార్జర్లు, జత లేని సాక్సులు ప్రతిసారీ దొరుకుతాయి. ఒకసారి సీటు వెనక జేబులో పాస్‌పోర్టు దొరికింది. దాని యజమాని అప్పటికే గేటు దాటి, పక్క నంబర్ పిల్లతో ఏదో చెప్పి నవ్వుతూ నడిచిపోతున్నాడు. పేరు సరిగ్గా పలకడం రాక, "పదిహేడూ!" అని అరిచాం. తిరిగి చూశాడు.